బ్రిమ్‌ఫీల్డ్ సంతలో పాత కాలం పిల్లల ఫోటోలు

బోస్టన్ నుంచి ఓ గంటంపావు డ్రైవ్ చేస్తే బ్రిమ్‌ఫీల్డ్ వస్తుంది, చిన్న ఊరే గానీ ఏటా మే, జులై, సెప్టెంబర్‌లో రూట్ 20 పొడుగునా పొలాల్లో పాత సామాన్ల సంత జరుగుతుంది, 1959లో మొదలైందట. ఈసారి మా అత్తగారిని కూడా తీసుకెళ్ళాను.

నేను వెతికేది 1850ల నుంచి 1880ల దాకా తీసిన పిల్లల ఫోటోలు. అట్టపెట్టెల్లో కుప్పలుగా పోసి ఉంటాయి, ఇనప రేకు మీద తీసిన టిన్‌టైప్‌లు, గాజు మీద తీసిన ఆంబ్రోటైప్‌లు, అట్టకి అంటించిన చిన్న కాగితం ఫోటోలు. అత్తగారు ముందు "ఎవరి పిల్లలో ఏమో, ఇంట్లో పెట్టుకుంటావా అమ్మా?" అన్నారు. కాసేపటికి ఆవిడే ఒక ఫోటో తీసి "ఇదిగో, దుప్పటి కింద నుంచి చెయ్యి కనిపిస్తోంది చూడు" అన్నారు. నిజమే! గౌను వేసుకున్న పసివాడు, పక్క పాపిడి తీశారు కాబట్టి మగపిల్లాడే అయ్యుంటాడు, అప్పట్లో వాళ్ళకీ గౌన్లే వేసేవాళ్ళు. ఫోటోకి కొన్ని సెకన్లు పట్టేది, అంతసేపు పసివాడు కదలకుండా ఉంటాడా, అందుకే తల్లి నెత్తిన గుడ్డ కప్పుకుని కుర్చీలా కూర్చుని వాణ్ణి పట్టుకుంది. బుగ్గలకి బ్రష్‌తో పింక్ రంగు కూడా వేశారు.

వెనక్కి తిప్పితే 2 సెంట్ల స్టాంపు, దాని మీద పెన్నుతో కొట్టివేత! అమెరికా అంతర్యుద్ధం ఖర్చుల కోసం వేసిన పన్ను తాలూకు స్టాంపు అది, ఫోటోల మీద 1864 సెప్టెంబర్ నుంచి 1866 ఆగస్టు దాకానే ఉంది, 25 సెంట్ల లోపు ఫోటోకి 2 సెంట్లు. అంటే తేదీ రాయకపోయినా ఆ రెండేళ్ళలోదే అని తెలిసిపోతుంది, నాకైతే ఒళ్ళు పులకరించింది.

పక్క టేబుల్ దగ్గర మాత్రం చాలా కోపం వచ్చింది. నిలబడి ఉన్న పాప ఫోటోకి "చనిపోయిన బిడ్డ" అని చీటీ పెట్టి అమ్మేవాడు నాలుగింతల రేటు చెప్తున్నాడు, సాక్ష్యం ఏంటంటే కాళ్ళ వెనక కనిపించే స్టాండ్ అట. అది బతికున్నవాళ్ళ తల కదలకుండా ఆనించే స్టాండ్, శవాన్ని నిలబెట్టే బలం దానికి లేదు. పైగా పాప మొహం కొంచెం చెదిరింది, అంటే కదిలింది కదా! పోయిన పిల్లల ఫోటోలు నిజంగానే తీసేవాళ్ళు, కానీ ఎక్కువగా పడుకోబెట్టో, తల్లి ఒళ్ళో నిద్రపోతున్నట్టో ఉంటాయి. అదంతా చెప్పినా అతను చీటీ తియ్యలేదు, కొనబోతున్న ఒకావిడకి ఆ చెదిరిన మొహం చూపించాను, ఆవిడ ఫోటో అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మేం స్టాంపు ఫోటో కొనుక్కున్నాం, అత్తగారే బేరం ఆడారు, తెలుగులోనే, వేళ్ళు చూపించి.