ఇరాక్ బాకీ, మా చిన్నాయన మిద్దె

2022 జనవరిలో ఇరాక్ ఒక పాత బాకీ తీర్చేసింది. 1990లో కువైట్‌ను ఆక్రమించినందుకు ఐక్యరాజ్యసమితి కట్టమన్న పరిహారంలో ఆఖరి విడత అది. మొత్తం కలిపి 5,240 కోట్ల డాలర్లు. ఆ వార్త ఫోన్‌లో చూసి చిన్నాయనకు చెప్తే, "ఇంకా కడతానే ఉండారా వాళ్లు!" అని ఆశ్చర్యపోయాడు. ఆయన వాటా ఆయనకు తొంభైల్లోనే వచ్చేసింది మరి.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా పాఠాల్లో ప్రతి యుద్ధానికీ మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉంటాయి. ఈ గల్ఫ్ యుద్ధానికి 1990 ఆగస్టు 2, 1991 ఫిబ్రవరి 28. బిట్ పేపర్‌కి అది చాలు. రాజంపేట పక్క పల్లెల్లో తిరిగితే మాత్రం ఆ రెండో తేదీని నమ్మబుద్ధి కాదు.

మా దగ్గర కువైట్ అంటే వేరే దేశం కాదు, పక్క ఊరు లెక్క. అకామా (అక్కడ ఉండనిచ్చే పర్మిట్), కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని), ఖాదిం వీసా (ఇంటిపని వీసా) లాంటి మాటలు బడికి పోని ముసలివాళ్లకు కూడా వచ్చు. చిన్నాయన అక్కడ డ్రైవరుగా ఉండేవాడు, హవల్లీలో ఒక గదిలో. హవల్లీ అప్పట్లో పాలస్తీనా వాళ్ల పేట. కింద షాపులో మెకానిక్ పాలస్తీనా మనిషి, ఈయనకు అరబీ నేర్పింది అతనే. ఆగస్టు 2 గురువారం. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. పొద్దున్నే లేచి చూస్తే వీధిలో ఇరాక్ ట్యాంకులు.

చావు భయం కంటే డబ్బు భయం ఎక్కువైందని చెప్తాడు ఆయన. కువైట్ దినార్ అంతకు ముందు రోజు దాకా మూడు డాలర్ల పైచిలుకు పలికేది. ఇరాక్ దాన్ని తన దినార్‌తో సమానమని ప్రకటించి, ఆ తర్వాత అసలు చెల్లదనేసింది. పెట్టెలో దాచుకున్న నోట్లు కాగితాలైపోయాయి. యుద్ధమయ్యాక కువైట్ కూడా కొత్త నోట్లు వేసి పాతవాటిని రద్దు చేసింది. ఇప్పటికీ మా ఇళ్లల్లో కువైట్ సంపాదన నెల తిరక్కుండా ఊరికి రావాల్సిందే. అక్కడ దాచుకున్నాడంటే "వాడికి తొంభై సంగతి తెలీదు" అంటారు.

బస్సులో ఇరాక్‌లోని బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, ఆ తర్వాత ఎడారిలో జోర్డాన్ సరిహద్దు. అక్కడ గుడారాల్లో వేలమంది. పగలు ఎండ, రాత్రి చలి, నీళ్ల ట్యాంకరు వస్తే తోపులాట. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి, బొంబాయి నుంచి రైల్లో కడప. అలా రెండు నెలల్లో లక్షన్నరకు పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు, విమానాలు దాదాపు 490 సార్లు తిరిగాయి. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుసేన్‌ను కౌగిలించుకున్నందుకు ఎన్ని విమర్శలొచ్చాయో పెద్దయ్యాక చదివాను. మా వీధిలో మాత్రం ఒక్కరూ తప్పుబట్టలేదు. రేడియో ముందు కూర్చుని కొడుకు కోసం ఎదురుచూస్తున్న మా జేజికి ఆయన ఎవర్ని కౌగిలించుకున్నా పర్వాలేదు.

మనుషులు తిరిగొచ్చారు గానీ దేశానికి అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. జూలైలో బ్యారెల్ ఇరవై డాలర్ల లోపున్న చమురు అక్టోబరుకు నలభై అయింది. మనకు చమురు ఎక్కువగా వచ్చేది ఆ కొట్టుకుంటున్న రెండు దేశాల నుంచే. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బులూ తగ్గాయి. యుద్ధం ఒక్కటే కారణమని నేననను. ఎనభైల్లో ఎడాపెడా చేసిన అప్పులున్నాయి, సోవియట్‌తో వ్యాపారం కూలిపోతోంది. యుద్ధం చివరి తోపు తోసింది. 1991 నాటికి విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకు సరిపడేంత మిగిలింది. బంగారం విమానాల్లో విదేశాలకు పోయింది, జూలైలో ఒక్క బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కే అప్పు కోసం తాకట్టుగా దాదాపు 47 టన్నులు. అప్పటికి మన పి.వి. నరసింహారావు ప్రధాని అయి నెల కూడా తిరగలేదు. ఆ జూలై మొదటి వారంలోనే రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించారు. 24న కొత్త పారిశ్రామిక విధానం, అదే రోజు మన్మోహన్ సింగ్ బడ్జెట్. మా స్కూల్ పిల్లల అన్నలు ఈ రోజు హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగాల్లో సగం ఆ నెలకు చుట్టాలే.

ఇక పరిహారం. బలవంతంగా కువైట్ వదిలి రావాల్సి వచ్చిన ఒంటరి మనిషికి నాలుగు వేల డాలర్లు, ఇంకే పద్దు కిందా క్లెయిము పెట్టకపోతే. చిన్నాయన అదే పెట్టాడు. విడతలుగా వచ్చింది. 1990 రేటు ప్రకారమైతే అది డెబ్బై వేల రూపాయలు. చేతికొచ్చేసరికి డాలర్ ముప్పై ఆరు దాటింది, కాబట్టి లక్షా నలభై వేల పైమాటే. రూపాయిని పడగొట్టిన కారణాల్లో ఆ యుద్ధం ఒకటి, రూపాయి పడ్డందువల్ల ఆ యుద్ధం తాలూకు పరిహారం మా ఇంట్లో రెట్టింపైంది! ధరలు కూడా పెరిగాయి కదా అంటారా, నిజమే. అయినా మిద్దె లేచింది.

ఆ మిద్దె దగ్గరే నాకు ఒక విషయం మింగుడుపడదు. డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? ఇరాక్ మీద 1990 ఆగస్టు నుంచే ఆంక్షలు. చమురు అమ్ముకోనివ్వలేదు. 1996 చివర్లో తిండికీ మందులకూ అని కొంత అమ్ముకోనిచ్చారు, అందులోనూ నూటికి ముప్పై పరిహారం నిధికి పోయేది. అంటే సద్దాం చేసినదానికి బస్రాలో మందుల్లేని ఆస్పత్రిలో పిల్లను పెట్టుకుని కూర్చున్న తల్లి కూడా కడుతోంది. కువైట్ దోపిడీకీ మా చిన్నాయన నష్టానికీ పరిహారం న్యాయమే, కాదనను. కానీ సద్దాం పోయాక కూడా, 1990లో పుట్టని ఇరాకీలు 2022 దాకా కట్టారు. ఈ మాట చిన్నాయనతో అన్నాను ఒకసారి. కోపం తెచ్చుకుంటాడనుకున్నా. "బస్రాలో బస్సు ఆగినప్పుడు ఒకామె మాకు రొట్టెలిచ్చింది రా. డబ్బులిస్తే తీసుకోలేదు" అని ఊరుకున్నాడు.

1992లో ఆయన మళ్లీ కువైట్ పోయాడు. హవల్లీలో మెకానిక్ లేడు. యుద్ధంలో పాలస్తీనా నాయకత్వం సద్దాం వైపు మొగ్గిందని, దాదాపు నాలుగు లక్షల మంది పాలస్తీనీయుల్లో ఎక్కువమంది తిరిగి రాకుండా చేశారు, ఉన్నవాళ్లనూ చాలావరకు పంపేశారు. ఆ ఖాళీల్లో చాలా చోట్ల ఆసియా వాళ్లు చేరారు. మా ఊళ్ల నుంచి తొంభైల్లో పోయిన జనం ఎక్కువేనంటే, దాని వెనక అటు ఖాళీ అయిన గదులూ ఉన్నాయి. ఈ సంగతి మా వాళ్లలో చాలామందికి తెలియదు, తెలిసినా చేసేదేం లేదు.

అమెరికా సైన్యం సౌదీలో దిగడం, దాని మీద బిన్ లాడెన్ పగ, 2001 సెప్టెంబర్ 11, 2003లో మళ్లీ ఇరాక్... ఆ వరస అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆ ఏడాది ఆమె కూడా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసేది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది, చేతిలో ఏ కాగితమూ లేకుండా అమ్మాన్ చేరింది. క్లెయిము ఫారాలు నింపాలని చెప్పే దిక్కు లేదు. గడువు తెలిసేసరికి దాటిపోయింది. ఇరాక్ బాకీ తీరిందని ఎవరి నోటో విని, "నాకేమన్నా వస్తాదా సార్?" అని అడిగింది. ఆ గడువు 1995 జనవరితోనే అయిపోయిందని చెప్పాను. సరేలే అని కొంగులోంచి ఇంకో కాగితం తీసింది. మనవడికి వచ్చిన వీసా. ఖాదిం వీసానా, కంపెనీ వీసానా చదివి చెప్పమంది. ఖాదిందే. జీతం ఎంత రాశారో, కఫీల్ పేరేంటో రెండుసార్లు చదివించుకుని, పాస్‌పోర్టుతో సహా అన్నిటికీ జిరాక్సులు తీయించి ఒక సెట్ నా బీరువాలో పెట్టమంది.