మెహర్జాద్ ఆట చూసిన సాయంత్రం

పనులు త్వరగా తెమలడంతో ఈ సాయంత్రం 2024 పారిస్ పారాలింపిక్స్ పురుషుల సిట్టింగ్ వాలీబాల్ (నేలమీద కూర్చుని ఆడే వాలీబాల్) ఫైనల్‌ను మళ్ళీ చూశాను. బోస్నియా హెర్జెగోవినాపై ఇరాన్ 3-1తో గెలిచిందని ముందే తెలుసు కనుక, ఈసారి స్కోరును పక్కన పెట్టి ఇరాన్ ఆటగాడు మొర్తెజా మెహర్జాద్ ఒక్కరినే గమనించాను.

ఆయన ఎత్తు 246 సెంటీమీటర్లు. నెట్ ఎత్తు 1.15 మీటర్లే కావడంతో, కూర్చున్నచోటి నుంచి ఆయన చేయెత్తితే అడ్డుకోవడానికి ఎదుటివారెత్తే చేతులకు అందనంత పైనుంచి బంతి దిగుతుంది. ఇక ఆయనకు ఆటేమి కష్టమని అనిపించడం సహజమే కానీ, ఆ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. బంతిని ఆడే క్షణంలో భుజాలకూ పిరుదులకూ మధ్యనున్న శరీరంలో ఏదో ఒక భాగం నేలను తాకుతూనే ఉండాలన్నది ఈ ఆట నియమం. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న కోర్టులో ముందుకూ పక్కకూ జరగడానికి నేలను నెట్టిన చేతులే మరుక్షణం బంతిని కూడా అందుకోవాలి; అంత పొడవైన దేహాన్ని ఆ వేగంతో జరపడం ఏ కొలతలోనూ కనిపించని శ్రమ.

ఆ ఎత్తు కూడా సుఖంగా వచ్చింది కాదు. ఎక్రోమెగలీ అనే హార్మోన్ వ్యాధి వల్ల ఆయన అంతగా పెరిగారు. కౌమారంలో సైకిల్ ప్రమాదంలో కటి ఎముక విరగడంతో కుడికాలి ఎదుగుదల ఆగిపోయి, అది ఎడమకాలికంటే దాదాపు 15 సెంటీమీటర్లు పొట్టిగా మిగిలింది. జనం చూపులకు జంకి ఇంటికే పరిమితమైన ఆ యువకుణ్ణి ఇరాన్ జట్టు కోచ్ హాదీ రెజాయీ ఒక టెలివిజన్ కార్యక్రమంలో చూసి ఆటలోకి పిలిపించారు. తరువాత రియో, టోక్యో, పారిస్‌లలో వరుసగా మూడు స్వర్ణాలు. పారిస్ క్రీడాగ్రామంలో సరిపడే మంచం లేక ఆయన నేలమీదే పడుకుంటున్నారని ఆ కోచే చెప్పినట్టు చదివినప్పుడు మాత్రం, పతకాల లెక్క కంటే అదే నన్ను ఎక్కువసేపు వేధించింది.

ఇరాన్ విజయాలన్నిటినీ ఆయన ఖాతాలో వేయడమూ న్యాయం కాదు. ఆయన రాకముందే, 1988 నుంచి 2008 లోపు, ఆ జట్టు ఐదు పారాలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 2004లోనూ 2012లోనూ ఫైనల్లో ఓడింది ఇదే బోస్నియా చేతిలో. ఆయన లేని ఆ 2012 లండన్ ఫైనల్ వీడియో దొరికితే, అప్పుడు నెట్ దగ్గర జట్టును ఎవరు నిలబెట్టారో, ఎక్కడ తడబడ్డారో రేపు చూడాలి.