హిందెలోపెన్‌లో అమ్మ

అమ్మ బందరు నుంచి నెదర్లాండ్స్‌లో మా దగ్గరికి వచ్చి నెల దాటింది. తులిప్ తోటలు, గాలిమరలు అన్నీ అయిపోయాయి. ఇంకెక్కడికి తీసుకెళ్లాలో తోచక మొన్న శనివారం హిందెలోపెన్ వెళ్లాం. ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలో, ఐసెల్‌మేర్ సరస్సు ఒడ్డున ఉంటుంది. 1225లో నగర హోదా వచ్చింది కాబట్టి పేరుకి సిటీయే, జనం మాత్రం వెయ్యి మంది కూడా లేరు. స్టేషన్ నుంచి నడుస్తుంటే "సిటీ ఎప్పుడొస్తుందే?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

సన్నటి కాలువలు, చెక్క వంతెనలు, నాలుగు సందులు. అంతే ఊరు. 17, 18 శతాబ్దాల్లో మాత్రం ఇది కెప్టెన్ల ఊరు. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల కోసం నార్వేకీ బాల్టిక్ రేవులకీ ఓడలు నడిపి, కలప వేసుకొచ్చేవాళ్లు. వసంతంలో బయల్దేరితే మళ్లీ చలికాలానికే ఇల్లు. మగవాళ్లు లేని ఆ నెలల్లో ఆడవాళ్లు పెద్దింటిని కడిగి మూసేసి, పిల్లల్ని తీసుకుని పెరట్లోని బుల్లి ఇంట్లోకి మారిపోయేవాళ్లు. దాన్ని లిక్‌హూస్ అంటారు. అవి కొన్ని ఇంకా ఉన్నాయి. "తెలివైనవాళ్లు. ఊడ్చే గదులు తగ్గించుకున్నారు" అంది అమ్మ.

1932లో అడ్డంగా పెద్ద కట్ట వేశాక ఇక్కడి సముద్రం మంచినీటి సరస్సయింది. ఇప్పుడు రేవు నిండా షికారు పడవలే.

అమ్మ అసలు కదలనిది మ్యూజియంలో. అద్దం వెనక వెంట్కె ఉంది. ఇక్కడి ఆడవాళ్లు వేసుకున్న పొడవాటి కోటు. బట్ట మాత్రం డచ్ కంపెనీ ఓడల్లో కోరమండల్ తీరం నుంచి వచ్చిన అద్దకం. అమ్మ పుట్టిల్లు కలంకారీ అద్దకాల పెడన. ముక్కు అద్దానికి ఆనించి చూసి, "ఇది అచ్చు కాదే, కలంతో గీసింది. ఇదిగో, ఇక్కడ చెయ్యి ఆగింది" అంది. నిజమే, ఒక పువ్వు తొడిమ దగ్గర గీత లావై, మళ్లీ సన్నబడింది. ఎరుపు ఏమాత్రం వెలిసిపోలేదు. "చిరువేరు రంగు. ముందు కరక్కాయ, పాలు పట్టించందే అలా నిలవదు."

కార్డు మీద తీరం పేరే ఉంది, ఊరి పేరు లేదు. బందరుదేనని అమ్మ తేల్చేసింది. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో దిగారు కాబట్టి నేనూ వాదించలేదు.

ఇంకోటి నీలం పువ్వులది. ఇంట్లో చావు జరిగితే ఎరుపు మాని నీలం వేసుకునేవాళ్లని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మొగుడు పోయినా పువ్వులు తియ్యలేదన్నమాట" అంది.

తిరిగొస్తూ రేవు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. ముసలి నావికులు చేరి కోతలు కోసేవాళ్లట, దాని పేరే అబద్ధాల బల్ల. ఈదురుగాలికి అమ్మ పళ్లు టకటకలాడుతున్నాయి. ఇంతలో పిన్ని వీడియో కాల్ చేసింది. శాలువా కెమెరాకి కనపడకుండా కిందికి లాక్కుని, "చలా? అబ్బే, అస్సలు లేదే" అంది అమ్మ.