బ్రాకెట్ మిస్సయిన మంగళవారం

పొద్దున్న లైబ్రరీ తాళం తీసేసరికే కమ్యూనిటీ మెడిసిన్ పీజీ అమ్మాయి మెట్ల మీద కూర్చునుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద సిస్టమాటిక్ రివ్యూ (ఆ విషయం మీద వచ్చిన పేపర్లన్నీ ఒక పద్ధతిలో వెతికి కలిపి చూడటం) చెయ్యమన్నారంట గైడ్ గారు, "లైబ్రరీ మేడమ్ పేపర్లు తీసిపెడతారు, గంట పని" అని పంపించారంట. గంట! ఆ పిల్ల మొహం చూసి ఏమీ అనలేదు.

తెల్లకాగితం ఇచ్చి ఈ జబ్బుకి ఎన్ని పేర్లున్నాయో రాయమ్మా అన్నా. సీకేడీయూ (కారణం తెలియని దీర్ఘకాల కిడ్నీ జబ్బు) అని ఒక్కటి రాసి ఆగిపోయింది. అక్కడే అయిపోయింది మధ్యాహ్నం దాకా. మన కవిటి, సోంపేట వైపు ఉద్దానం నెఫ్రోపతీ, అదే నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు తోటల కూలీలకి వస్తే మీసోఅమెరికన్ నెఫ్రోపతీ, ఇంకొందరు సీకేడీఎన్‌టీ అని రాస్తారు, ఇంకొందరు సినాక్ అంటారు. పైగా ఇటియాలజీ (జబ్బుకి కారణం) అన్న మాటకి బ్రిటిష్ వాళ్ళు ముందు ఒక 'ఏ' తగిలిస్తారు, అమెరికా వాళ్ళు తీసేస్తారు, రెండూ వెయ్యకపోతే సగం పేపర్లు మన కంట పడవు. తనకి ముందే తెలిసిన పది పేపర్లు పెట్టుకుని మా సెర్చ్‌లో దొరుకుతున్నాయో లేదో చూస్తే రెండు రాలేదు, అందులో ఒకటి ఈ పాడు 'ఏ' వల్లే.

భోజనం అయ్యాక నేనే తప్పు చేశా. పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేస్‌లో వెతికే మాటల స్ట్రింగ్ పెట్టి ఎంటర్ కొడితే లక్షల్లో రిజల్ట్స్, మొదటి పేజీలోనే వరి తెగుళ్ళు! పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది కదా, రైతులు, వ్యవసాయం అన్న మాటల చుట్టూ బ్రాకెట్ పెట్టడం మర్చిపోయా, దాంతో చివరి ఆర్ (OR, 'లేదా') తర్వాత ఉన్న వ్యవసాయం అంతా కిడ్నీతో పనిలేకుండా వచ్చి పడింది. ఇన్నేళ్ళ సర్వీసు, పీజీ పిల్ల ముందు పరువు పోయింది. ఆ పిల్ల మాత్రం తెగ నవ్వింది, పొద్దుట్నుంచి మొదటిసారి.

మూడింటికి గైడ్ గారి ఫోన్. గూగుల్ స్కాలర్ చాలదా అమ్మా అని. ఎన్ని దొరికాయని చూపించినా వెయ్యికి మించి చూడనివ్వదు సార్, పైగా ప్రిస్మా 2020 (రివ్యూ ఎలా రాయాలో చెప్పే మార్గదర్శకాలు) ప్రకారం ప్రతి డేటాబేస్‌లో ఏం టైప్ చేశామో, ఏ తేదీన చేశామో ఉన్నదున్నట్టు ఇవ్వాలి అన్నా. ఎంబేస్ అనే డబ్బు కట్టే డేటాబేస్ మా కాలేజీకి లేదు, ఆ సంగతి దాచకుండా రాసెయ్యమని అమ్మాయికి చెప్పా. స్క్రీనింగ్ (పేపర్లు జల్లెడ పట్టడం) మొదలెట్టకముందే ప్రాస్పెరోలో, అంటే రివ్యూల ప్లాన్ నమోదు చేసే చోట, రిజిస్టర్ చెయ్యమని కూడా. పేపర్లో నా పేరు కృతజ్ఞతల్లో ఒక మూల ఉంటుందేమో, అదీ ఇంటిపేరు తప్పుగా. పోయినసారి అలాగే వేశారు.

డూప్లికేట్లు తీసేది రేపు. ఒకే పేపర్ మూడు డేటాబేసుల్నుంచి మూడుసార్లు వస్తుంది, జోటెరో సాఫ్ట్‌వేర్ కొన్ని పట్టుకుంటుంది, మిగతావి కళ్ళు పోయేలా చూసుకోవాల్సిందే.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది సోంపేట నుంచి. పెద్దమ్మ కొడుకుని రేపు మళ్ళీ డయాలసిస్‌కి తీసుకెళ్ళాలంట, ఆటో మాట్లాడారంట. కాగితం మీద పేర్లు ఇంకా బ్యాగులోనే ఉన్నాయి. అమ్మ మాత్రం ఎప్పట్లాగే "ఆ జబ్బు" అనే అంది.