బీరు సంగతి తర్వాత, ముందు నేల చూడండి

కాలిఫోర్నియాకి చెందిన బీరు కంపెనీ స్టోన్ బ్రూయింగ్, కొత్త ప్లాంట్ల గురించి 2014లో మూడు నెలల తేడాతో రెండు పెద్ద ప్రకటనలు చేసింది. జులైలో బెర్లిన్, అక్టోబరులో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్. యజమానులు వాళ్ళే, రెసిపీలు అవే, రెండుచోట్లా బీరు బయటికి రావడం మొదలైంది 2016లోనే. బెర్లిన్‌ది మూడేళ్ళు తిరక్కుండానే 2019లో స్కాట్లండ్ బీరు కంపెనీ బ్రూడాగ్ చేతికి పోయింది. రిచ్‌మండ్‌ది నిలబడింది. 2022లో జపాన్ బీరు కంపెనీ సప్పోరో సుమారు 16.5 కోట్ల డాలర్లకి స్టోన్‌ని కొన్నప్పుడు, సప్పోరో బీరుని అమెరికాలోనే కాయడానికి రిచ్‌మండ్ ప్లాంటు కూడా పనికొచ్చింది.

బెర్లిన్‌ది ఎందుకు పోయిందంటే, జర్మన్లకి అమెరికన్ ఐపీఏ (హాప్స్ అనే పూల చేదు ఎక్కువుండే బీరు) నచ్చలేదని చాలామంది తేల్చేస్తారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ప్లాంటు కట్టడం తెలిసినవాళ్ళు ముందు చూసేది రుచిని కాదు, ఏ నేల మీద, ఏ గోడల మధ్య కట్టారన్నది.

రిచ్‌మండ్‌లో ఎంచుకున్నది గ్రేటర్ ఫుల్టన్. పాత ఫుల్టన్ నల్లజాతివాళ్ళ పేట. 1970ల్లో పట్టణ పునరుద్ధరణ పేరుతో నగరమే దాన్ని నేలమట్టం చేసింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు అటు పెద్ద పెట్టుబడేదీ రాలేదు. అందుకే కొలంబస్, నార్ఫోక్ నగరాలు కూడా చివరిదాకా పోటీలో ఉన్నా, రిచ్‌మండ్ అంత తెగించింది. బ్రూవరీకి 2.3 కోట్ల డాలర్లు, నది ఒడ్డున పెట్టాల్సిన బిస్ట్రోకి (రెస్టారెంటుకి) 80 లక్షల డాలర్లు నగరం బాండ్ల ద్వారా సేకరించింది. షెడ్డు నగర సంస్థ కట్టిస్తుంది, స్టోన్ లీజు కడుతుంది, ఆ లీజుతో బాండ్లు తీరతాయి. కంపెనీ డబ్బంతా ట్యాంకుల మీదా యంత్రాల మీదా పెట్టుకోవచ్చు. ఇలాంటి ఒప్పందంలో ఒక్క మాట ముందే రాయించుకోవాలి. గోడకి బిగించినది ఎవరిది, నేల మీద నిలబెట్టినది ఎవరిది? ట్యాంకు కంపెనీదే, సరే. దాని కింద పునాది, డ్రెయిను, ఆవిరి పైపులైను ఎవరివో తేలకపోతే పదేళ్ళ తర్వాత ఒక వాల్వు మార్చడానికి కూడా లాయరు కావాల్సి వస్తుంది.

అక్కడ పెట్టిన బ్రూహౌస్ (మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ, నానబెట్టి కాచే విభాగం) 250 బారెళ్ళది. అమెరికా బీరు బారెల్ అంటే 117 లీటర్లు, కాబట్టి ఒక బ్యాచ్‌కి దాదాపు 29,000 లీటర్లు. బెర్లిన్‌లో 100 హెక్టోలీటర్లు, అంటే 10,000 లీటర్లు. ఈ అంకెలు వార్తల్లో ఘనంగా కనిపిస్తాయి గానీ ఏడాదికి ఎంత బీరు వస్తుందో చెప్పేది బ్రూహౌస్ కాదు, ఫర్మెంటర్లు, అంటే కాచినదాన్ని ఈస్ట్‌తో పులియబెట్టే ట్యాంకులు. లెక్క సులువే. 400 హెక్టోలీటర్ల ఫర్మెంటర్‌లో ఏల్ (తొందరగా పులిసే బీరు) నింపడం నుంచి ఖాళీచేసి కడిగేదాకా 14 రోజులు పడితే ఏడాదికి 26 సార్లు తిరుగుతుంది, 10,400 హెక్టోలీటర్లు. అదే ట్యాంకులో లాగర్‌కి (చల్లగా, నెమ్మదిగా పులిసే బీరుకి) అయిదు వారాలు పడితే పదిసార్లే, 4,000. కాగితం మీద వచ్చినదాంట్లో 85 శాతమే నమ్మండి. ఫిల్లింగ్ లైను ఆగిందనో, ఈస్ట్ సిద్ధంగా లేదనో, ట్యాంకు ఖాళీగానో నిండుగానో ఊరికే కూర్చునే రోజులు ఉంటాయి. ఏల్ లెక్కతో ట్యాంకులు కొని, రెండో ఏడు మార్కెటింగ్ వాళ్ళ మాట మీద లాగర్ మొదలెట్టి, బ్రూహౌస్ సగం రోజులు ఖాళీగా ఉంటోందేమని తల పట్టుకునేవాళ్ళకి కొదవ లేదు. విస్తరణ ప్లానులో మొదటిరోజు ట్యాంకులకన్నా, తర్వాత పెట్టబోయే ట్యాంకులకి వదిలిన ఖాళీ జాగా ముఖ్యం. దాని కింద పునాది, డ్రెయిను, ట్యాంకుల్ని చల్లబరిచే గ్లైకాల్ పైపు కొసలు మొదటిసారే వేసెయ్యాలి. బీరు నడుస్తున్న షెడ్డులో కాంక్రీటు పగలగొట్టడమంటే దుమ్ము, నెలల తరబడి నష్టం.

ఇక నేల. 400 హెక్టోలీటర్ల బీరు పట్టే ట్యాంకుకి నురగ కోసం పైన నాలుగోవంతు జాగా వదులుతారు కాబట్టి మొత్తం 500 హెక్టోలీటర్లు. నిండా నీళ్ళు పోసి పరీక్షించే రోజున 50 టన్నుల నీళ్ళు, ఏడెనిమిది టన్నుల స్టీలు. నాలుగు కాళ్ళయితే ఒక్కో కాలి మీద 14 టన్నులు, అదీ పళ్ళెమంత జాగాలో. మామూలు గోడౌన్ నేలకి అది కుదరదు. కాలు కాలుకీ లెక్కగట్టి పునాది వెయ్యాలి. ఒక కాలు కొన్ని మిల్లీమీటర్లు దిగినా ట్యాంకేమీ పడిపోదు. కానీ కింద కోను మూతికి అతికించిన గట్టి పైపు వెల్డు దగ్గర బిగుసుకుని, ఒకరోజు సన్నగా చీరుకుంటుంది.

నేల వాటం మీటరుకి 15 నుంచి 20 మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువైతే నీళ్ళు మడుగులు కడతాయి, మడుగులో చక్కెర, చక్కెర మీద బూజు, ఈగలు. ఎక్కువైతే ప్యాలెట్ జాకీ దానంతటదే నడిచిపోతుంది. వాటం సరిగ్గా ఉందో లేదో పై పూత వెయ్యకముందే రెండు బక్కెట్ల నీళ్ళు గుమ్మరించి చూడండి, లెవల్ చూపించే కాగితాన్ని నమ్మొద్దు. పూత విషయంలో కక్కుర్తి పడి ఎపాక్సీ వేస్తే ఏడాదిలో పెచ్చులూడుతుంది. ఉదయం చల్లగా ఉన్న నేల మీద మధ్యాహ్నం ట్యాంకులు కడిగే కాస్టిక్ (గాఢ క్షారం) నీళ్ళు 80 డిగ్రీల వేడితో పడతాయి. కాంక్రీటూ ఎపాక్సీ ఒకే లెక్కన సాగవు, అందుకే విడిపోతాయి. 6 నుంచి 9 మిల్లీమీటర్ల పాలీయూరిథేన్ సిమెంటు పూత ఈ దెబ్బలకి తట్టుకుంటుంది. డ్రెయిను కాలవలు స్టీలువి, కింద పైపులు స్టీలు గానీ పాలీప్రొపిలీన్ గానీ. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు అలవాటు ప్రకారం పీవీసీ వేసేస్తాడు. దానికి 60 డిగ్రీలు దాటితే ఒంట్లో సత్తువ ఉండదు, నేల కిందే వంగి కూర్చుంటుంది. అది బయటపడేది నీళ్ళు వెనక్కి తన్నినప్పుడే.

బెర్లిన్‌లో స్టోన్ ఎంచుకున్నది మారియెండార్ఫ్‌లోని పాత గ్యాసు ఫ్యాక్టరీ. 1901 నాటి ఇటుక భవనాలు. చూడ్డానికి అద్భుతం, ఎత్తైన కప్పు, బీరు తోటకి ఎంత చోటంటే అంత. మొత్తం పెట్టుబడి సుమారు 2.5 కోట్ల డాలర్లన్నారు. వారసత్వ కట్టడంలో ప్లాంటు పెట్టేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, ట్యాంకు లోపలికి ఏ దారిన వస్తుంది? తలుపు వెడల్పు చేయనివ్వరు, కప్పు తియ్యాలంటే అనుమతి, గోడకి బొక్క పెట్టాలంటే ఇంకో అనుమతి. ట్యాంకు కొలతని భవనం నిర్ణయిస్తుంది, బీరు కాదు. బొగ్గు నుంచి గ్యాసు తీసిన జాగాల్లో మామూలుగా తారు, సైనైడ్ లాంటివి మట్టిలో దిగి ఉంటాయి. కాబట్టి పునాదికి తవ్విన ప్రతి బండెడు మట్టికీ పరీక్ష, ప్రత్యేకంగా పారబోసే ఖర్చు. ఈ రకం జాగా కొనేవాళ్ళు పునాది అంచనా మీద 10 శాతం అదనం వేసుకుని సరిపెట్టుకుంటారు. అది చాలదు. పాత పటాలు తెచ్చుకుని, ట్యాంకు కాళ్ళు వచ్చేచోటల్లా బోరు వేయించి మట్టి చూసుకున్నాకే బేరం ఖాయం చెయ్యాలి.

అమ్మేసినప్పుడు స్థాపకుల్లో ఒకరైన గ్రెగ్ కుక్ దాచుకోకుండా చెప్పారు, మరీ పెద్దది, మరీ ముందుగా కట్టామని. నిర్మాణం ఈడ్చుకుపోయిందనీ అన్నారు. దానికి తోడు మార్కెట్. జర్మనీలో అప్పట్లో మంచి బీరు అరలీటరు సీసా దుకాణంలో ఒక యూరోలోపే దొరికేది. స్టోన్ క్యాన్లు నమ్ముకుంది. అక్కడ తిరిగి నింపే బీరు సీసాకి డిపాజిట్ (ఖాళీది తిరిగిస్తే వెనక్కిచ్చే సొమ్ము) 8 సెంట్లు, క్యానుకి 25 సెంట్లు. 2003లో ఆ డిపాజిట్ వచ్చాక క్యాన్లు అల్మరాల్లోంచి దాదాపు మాయమైపోయాయి. ధర ఎక్కువ, చేతిలో అలవాటు లేని డబ్బా, పైగా నెలనెలా పాత కట్టడం ఖర్చు. రుచొక్కటే అయ్యుంటే ఓపిక పట్టేవాళ్ళేమో.

రిచ్‌మండ్‌లోనూ పాత భవనం వదల్లేదు. బ్రూవరీ కొత్త షెడ్డు గనక తేలికగా లేచింది. బిస్ట్రో మాత్రం జేమ్స్ నది ఒడ్డున ఉన్న ఇంటర్మీడియట్ టెర్మినల్ అనే పాత గిడ్డంగిలో పెట్టాలన్నది ఒప్పందం. ఇంజనీర్లు లోపలికెళ్ళి చూసి, బాగుచెయ్యడానికి వీల్లేనంత పాడయిందన్నారు. కూల్చి కొత్తది కడదామంటే చరిత్ర ప్రేమికులు అడ్డుపడ్డారు. అనుకున్న బిస్ట్రో అనుకున్న టైముకి రాలేదు. నది ఒడ్డున జనం వచ్చిపోయే చోటు కావాల్సింది అదే. 

మురుగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎదుగుతున్న పేటల్లో అసలు అడ్డంకి అక్కడే వస్తుంది. ఒక లీటరు బీరుకి నాలుగు నుంచి ఏడు లీటర్ల నీళ్ళు పోతాయి, చిన్న ప్లాంట్లలో ఇంకా ఎక్కువ. ఇళ్ళ మురుగులో బీఓడీ (మురుగు కుళ్ళేటప్పుడు నీళ్ళలోంచి పీల్చే ఆక్సిజన్ కొలత) లీటరుకి 200, 300 మిల్లీగ్రాములుంటే బ్రూవరీ మురుగులో 2,500 దాకా మామూలే. 100 హెక్టోలీటర్ల బీరుకి 40,000 లీటర్ల మురుగు వేసుకుంటే 100 కిలోల బీఓడీ. మనిషికి రోజుకి 60 గ్రాముల లెక్కన అది 1,600 మందికి పైగా జనం ఒకరోజు వదిలే మురుగు. అంటే ఒక్క బ్యాచ్‌తో ఊరి పైపుకి ఒక చిన్న పల్లెని తగిలించినట్టు. పీహెచ్ కూడా కాస్టిక్ వదిలినప్పుడు 12, ఆసిడ్ వదిలినప్పుడు 2. కాబట్టి కనీసం సగం రోజు మురుగు పట్టే బ్యాలెన్సింగ్ ట్యాంకు, లోపల కలిపే పరికరం, పీహెచ్ సరిచేసే డోసింగ్ పంపు తప్పనిసరి.

అన్నింటికన్నా చవకైన ఉపాయం ఒకటుంది, చిక్కటిది డ్రెయిన్లో పడకుండా చూడటం. పెద్ద ఫర్మెంటర్ అడుగు నుంచి తీసిన వెయ్యి లీటర్ల ఈస్ట్ బురద దాదాపు పైన చెప్పిన బ్యాచ్ మురుగంతటికీ సమానమైన బీఓడీ మోస్తుంది. దాన్ని వేరే టోటులోకి (పెద్ద తొట్టిలోకి) పట్టాలి. బీరు కాచే కెటిల్ అడుగు మడ్డి, హాప్స్ బురద కూడా అంతే. మాల్ట్ పిప్పి పశువుల దాణాకి పోతుంది. రెండు టన్నుల మాల్ట్‌కి రెండుంపావు, రెండున్నర టన్నుల తడిపిప్పి వస్తుంది. ఎండాకాలంలో అది ఒక్కరోజు నిలవుంటే పులిసి వాసనేస్తుంది. రైతుతో ఒప్పందం రోజూ తీసుకెళ్ళేలా ఉండాలి, వీలున్నప్పుడు కాదు. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేసేది బీరు కాచే వాసన మీద కాదు, ఈ పిప్పి మీద.

రెసిపీని కొత్త ప్లాంటుకి తేవడంలో అందరూ నీళ్ళ గురించే మాట్లాడతారు. బెర్లిన్ నీళ్ళు సున్నం ఎక్కువున్న బోరునీళ్ళు, ఐపీఏకి క్షారం తగ్గించక తప్పదు. ఆర్‌ఓ పెట్టి జిప్సం కలిపితే ఆ పని తేలుతుంది. తేలనిది హాప్స్. పెద్ద కెటిల్‌లో, పెద్ద వర్ల్‌పూల్‌లో (సుడి తిప్పి మడ్డి దించే తొట్టిలో) వోర్ట్, అంటే ఇంకా పులియని తీపి మాల్ట్ రసం, ఎక్కువసేపు వేడిగా ఉంటుంది, చేదు ఎక్కువ దిగుతుంది. మొదటి బ్యాచ్‌లో చేదు హాప్స్ 10, 15 శాతం తగ్గించి మొదలెట్టి, ల్యాబ్ అంకె చూసి సరిదిద్దాలి. డ్రై హాపింగ్‌లో, అంటే వాసన కోసం చల్లారిన బీరులో హాప్స్ వేసేటప్పుడు, హాప్స్ గుళికలు పొడుగాటి ట్యాంకు కోనులోకి దిగి ముద్దకడతాయి, పంపుతో కింద నుంచి తిప్పకపోతే సగం వాసన అందులోనే ఉండిపోతుంది. గ్యాసు నిండిన బీరులో గుళికలు ఒక్కసారిగా గుమ్మరిస్తే పైమూత లోంచి నురగ ఎగదన్నుతుంది. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని మళ్ళీ పులియనిస్తాయి కాబట్టి డైఅసిటైల్ (వెన్న వాసన తెచ్చే పదార్థం) పరీక్ష నెగ్గేదాకా ట్యాంకు చల్లబరచకూడదు.

కోకాపేటలాంటి చోట, 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన నేల మీద, ఇంత పెద్ద షెడ్డులు ఎవరూ వెయ్యరు. అక్కడ వచ్చేవి అక్కడే కాచి అక్కడే అమ్మే చిన్న బ్రూవరీలు, అదీ ఆరో అంతస్తులోనో పైకప్పు మీదో. అయినా లెక్క మారదు. వెయ్యి లీటర్ల ఫర్మెంటర్ నిండితే 1.4 టన్నులు, అదంతా చదరపు మీటరు చోటులో. హోటళ్ళ స్లాబులు మామూలుగా చదరపు మీటరుకి 400, 500 కిలోలకే కడతారు. బీముల మీదుగా స్టీలు ఫ్రేము వేసి బరువు పంచాలి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ట్యాంకు ఎక్కించకండి.

రెండోది మే నెల నీళ్ళు. ట్యాంకర్ నీళ్ళు 33 డిగ్రీలుంటే, వాటితో వోర్ట్ 36కి దిగువకి చల్లారదు. ఏల్ ఈస్ట్‌కి 18 కావాలి. వెయ్యి లీటర్లని గంటలో 98 నుంచి 18కి దించాలంటే తియ్యాల్సిన వేడి దాదాపు 90 కిలోవాట్లు. అంత పెద్ద చిల్లరు (చల్లబరిచే యంత్రం) ఎవరూ కొనరు. రాత్రంతా చిన్న చిల్లరుతో 1,200 లీటర్ల నీళ్ళని 4 డిగ్రీలకి చల్లార్చి, ఇన్సులేషన్ ట్యాంకులో పెట్టుకుంటారు. పొద్దున ప్లేట్ కూలర్‌లో ఆ నీళ్ళు వోర్ట్‌ని చల్లబరచి, తాము 70 డిగ్రీలకి పైగా వేడెక్కి బయటికొస్తాయి. అవే తర్వాతి బ్యాచ్ మాల్ట్ నానబెట్టడానికి. ఆ ట్యాంకుకి జాగా లేదని చిల్లరు అమ్మేవాడు తీసేయమంటాడు. తీసేస్తే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి బ్యాచ్ వేడిగానే ఫర్మెంటర్‌లోకి వెళ్తుంది, ఈస్ట్ గాబరాగా పనిచేస్తుంది, బీరులో నెయిల్ పాలిష్ వాసన వస్తుంది.