చెయ్యి – 14 రోజులు

మన కలంకారీ పాత విద్యార్థుల సంచికకు రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చాక ఇక తప్పదని కూర్చున్నాను. "రెండు పేజీలు చాలు, ఏదో ఒకటి రాయవయ్యా" అన్నాడు మన సెక్రటరీ. రెండు పేజీల్లో మనకు పని నేర్పిన మాస్టారే పట్టరు, మిగతావాళ్లను ఎక్కడ పెట్టను? నెల్లూరు బ్యాచ్ అల్లరి, పాలక్యాను సంగతి, శివరాత్రి నాడు ఎవరెవరు ఎక్కడ దొరికారో ఆ కథ, అన్నీ మనం కలిసిన రోజు స్టేజీ మీద చెప్పుకుందాం.

మొదటి ఏడాదిలో నాకు మిగిలింది బొమ్మ గీసే ముందు బట్టకు పట్టించే కరక్కాయ, గేదెపాలు కలిసిన ఆ వాసన ఒక్కటే. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ ఏ సందులోనైనా ఆ వాసన తగిలితే కాళ్లు ఆగిపోతాయి. బట్టకు పాలు సరిగ్గా పట్టకపోతే నల్లరంగు గీత దాటి పారిపోతుంది. నాది రెండుసార్లు పారింది. మాస్టారు తిట్టలేదు. "మళ్లీ తడుపు" అన్నారు, అంతే.

ఆయన మన బట్ట మీద ఏనాడూ కలం పెట్టలేదు, గమనించారా? నెమలి మెడ వంకర పోతే చింతపుల్ల బొగ్గుతో నేల మీద గీసి చూపించేవారు. మనం చూసుకునేలోపే కాలితో చెరిపేసేవారు. "నాది పోయింది. ఇప్పుడు నీది గియ్యి" అనేవారు. 1957లో, చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయగారి చొరవతో మన ఊళ్లో శిక్షణ మొదలవ్వకపోతే ఈ విద్య ఏమయ్యేదో ఆయన ఎన్నోసార్లు చెప్పారు. అయినా పాతదాన్ని అలాగే దింపితే ఒప్పుకునేవారు కాదు.

రెండో ఏడాది నేను వేసిన కల్పవృక్షం మీకు గుర్తుండే ఉంటుంది. స్వర్ణముఖిలో ఉతికి ఇసుక మీద ఆరేసిన రోజే ఒకాయన వచ్చి ధర అడిగారు. నాలుగువందలు అన్నాను. ఆయన బేరం కూడా ఆడకుండా మడిచి పట్టుకుపోయారు. నాకు ఒకటే సంబరం. ఆ సాయంత్రం మాస్టారు నన్ను పిలిచి నోటుబుక్కు తెరవమన్నారు.

"ఖర్చు రాయి."

గాడా అనే ముతక నూలు బట్ట, పాలు, కరక్కాయ, పటిక, ఎర్రరంగు చెక్క, కట్టెలు. అన్నీ కలిపితే నూట తొంభై.

"చెయ్యి రాశావా?"

నాకు అర్థం కాలేదు. కలం తీసుకుని కింద ఆయనే రాశారు, "చెయ్యి – 14 రోజులు" అని. మిగిలిన రెండువందల పదిని పద్నాలుగుతో భాగించమన్నారు. రోజుకి పదిహేను.

"బయట కూలికెళ్తే ఎంతిస్తారు?"

"నలభై, మాస్టారూ."

ఇంకేమీ అనలేదు. లేచి రంగు కుండ మీద మూత పెట్టి ఇంటికి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం మధ్యాహ్నం మా షెడ్డులో తొమ్మిదిమంది కూర్చుంటారు, ఎక్కువగా ఆడపిల్లలే. చెయ్యి తిరిగినవాళ్లు, గీత నేను నేర్పక్కర్లేదు. కొనేవాళ్లు ఫోన్లో పంపిన బొమ్మను ఉన్నదున్నట్టు దింపడానికి అలవాటుపడ్డారు. అందుకని "ఈ వారం నీకోసం ఏం గీశావు?" అని అడుగుతాను. మొన్న ఒకమ్మాయి వాళ్ల పెరట్లో మునగచెట్టు గీసుకొచ్చింది. చుట్టూ మన పాత అంచే. లోపల గుత్తులుగా కాయలు, కొమ్మకు ఆనించిన దోటి, దోటి చివర కట్టిన కొక్కెం, ఆ కొక్కేనికి చుట్టిన తాడు ముడితో సహా. నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ధర ఎంత అంటే రెండువేల ఐదొందలు అంది. నోటుబుక్కు ఇచ్చి చెయ్యి కూడా కలిపి లెక్క రాయమన్నాను. తొమ్మిది రోజులు పట్టిందట.

"చెయ్యి కలిపి అంత ధర చెప్తే కొనరు సార్. స్క్రీన్ ప్రింటు మూడొందలకే వస్తోంది" అంది.

"అది ప్రింటమ్మా. నీ మునగచెట్టు ఇంకెవరి దగ్గరుంది?" అన్నాను.

హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో అది ఆరువేల ఎనిమిదొందలకు వెళ్లింది. డబ్బులు లెక్కపెట్టుకుని నాకు ఫోన్ చేసినప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది.

నా సంగతీ అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ కలం మీదే ఇల్లు కట్టాను, పెద్దమ్మాయిని డిజైన్ చదివిస్తున్నాను, ఆరుగురికి నెలనెలా జీతం ఇస్తున్నాను. మాస్టారు ఉండి చూస్తే బాగుండేది.

మాస్టారు తెరవమన్న ఆ పాత నోటుబుక్కు నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, పాలమరక పడిన చోట కాగితం అట్టకట్టింది. ఆయన రాసిన ఆ లైను మాత్రం చెక్కుచెదరలేదు. ఫోటో తీసి పంపుతున్నాను, సంచికలో చోటుంటే వేయండి.