ధర చెప్పేటప్పుడు

నేను క్రోషేతో (ఒకే కొక్కెంతో నూలు అల్లే పని) చేసిన సంచి చూసి "మెషిన్ మీద చేసినది ఇంతకంటే చవగ్గా వస్తుంది కదా" అని ఎవరైనా అంటే ఇప్పుడు కోపం రావడం లేదు, హుషారు వస్తోంది. రెండు సూదుల అల్లికకు యంత్రం 1589లోనే వచ్చింది. ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్ల కోసం చేశాడు. క్రోషే మాత్రం ఇంకా ఫ్యాక్టరీ యంత్రాలకు లొంగలేదు. కొక్కెం ఏ కుట్టులోకైనా, ఎటు నుంచైనా దూరగలదు మరి! దుకాణాల్లో చవగ్గా దొరికే అసలు క్రోషే కూడా ఎవరో చేత్తో అల్లిందే (ఆ చేతులకు ఎంత ముట్టిందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది).

ఈ సంగతి తెలిశాక ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించడం మానేశాను. నూలు ఖర్చు, పట్టిన గంటలు విడివిడిగా రాసి చూపిస్తున్నాను. బేరమాడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. నిన్న ఒకావిడ ఏమీ కొనలేదు కానీ, నేర్పిస్తారా అని అడిగారు. వచ్చే వారం మొదలుపెడుతున్నాం.